రియాలు రేటు వెనక అమెరికా

జీతాలు పడ్డ వారం సాయంత్రం రువిలో ఏ ఎక్స్ఛేంజ్ ముందు నిలబడ్డా ఒకటే మాట వినబడుతుంది. "అన్నా, ఇయ్యాల రేటెంత?" ఒకాయన ఇంకో రూపాయి పెరిగేదాకా ఆగుదామంటాడు. పక్కాయనకు ఇంటికాడ చీటీ కట్టే తారీఖు దాటిపోయింది, ఆగలేడు. నేను కూడా ఇరవై ఏళ్లకు పైగా ఆ లైన్లో నిలబడుతున్నవాణ్ణే. రేటు ఎందుకు పెరుగుతుంది, ఎందుకు తగ్గుతుంది అని చాలాకాలం అడగలేదు. ఒమన్‌లో ఏదో జరిగితే పెరుగుతుందేమో అనుకునేవాణ్ణి.

అసలు సంగతి వేరు. రియాలును డాలరుకు కట్టేశారు. 1986 నుంచి నేటి దాకా ఒక రియాలంటే 2 డాలర్ల 60 సెంట్లు, అటు ఇటు కదలదు. అంటే మనం రియాలు రేటు అనుకుని చూసేది నిజానికి డాలరు రేటు. ఈసారి సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని ఫోరం మిత్రులు అడిగితే, ఈ ముడి ఎప్పుడు పడిందో వెతుకుతూ పోయాను. 1965 నుంచి 2000 దాకా అమెరికాలో జరిగినవి మన జీతం చీటీ దాకా ఎట్ల వచ్చాయో అప్పుడు కొంత అర్థమైంది.

మొదట మన రూపాయి కథ చెప్పాలి. ఒకప్పుడు మస్కట్ బజారులో నడిచింది మన రూపాయే. చిల్లరను ఈ రోజుకీ 'బైసా' అంటున్నామంటే అది మన పైసాయే. రూపాయలతో బంగారం కొని దొంగచాటుగా ఇండియాకు తరలిస్తున్నారని 1959లో మన రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ దేశాల కోసం వేరే నోట్లు అచ్చువేసింది. వాటినే గల్ఫ్ రూపాయలన్నారు. 1966 జూన్‌లో మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించేసరికి గల్ఫ్ దేశాలు ఒక్కొక్కటే దాన్ని వదులుకున్నాయి. ఒమన్ 1970 దాకా వాడి, ఆ ఏడాది మేలో తన సొంత రియాలు తెచ్చుకుంది. అప్పట్లో దాన్ని బ్రిటిష్ పౌండుతో ముడిపెట్టారు.

మరి డాలరు ఎట్ల వచ్చింది? 1971 ఆగస్టు 15న మన ఊళ్లల్లో జెండా ఎగరేసుకుంటున్న రోజున అమెరికా అధ్యక్షుడు నిక్సన్ టీవీలో మాట్లాడాడు. అప్పటిదాకా ఏ దేశ ప్రభుత్వమైనా 35 డాలర్లు ఇస్తే అమెరికా ఒక ఔన్సు బంగారం ఇస్తానని మాటిచ్చి ఉంది. వియత్నాం యుద్ధం ఖర్చులో మునిగి, ఇక ఇవ్వలేమని ఆ రోజు చెప్పేశాడు. డాలరు విలువ పడిపోయింది. చమురు అమ్మేది డాలర్లలోనే కాబట్టి అమ్మే దేశాల చేతికి వచ్చే సొమ్ముకు కొనే శక్తి తగ్గింది. ధర పెంచాలన్న పట్టుదల వాళ్లలో అప్పటినుంచే ఉంది. 1973 నుంచి రియాలు కూడా డాలరు లెక్కలోకి వచ్చింది. అప్పుడు ఒక రియాలుకు దాదాపు 2 డాలర్ల 90 సెంట్లు.

ఒమన్ మొదటి చమురు ఓడ బయలుదేరింది 1967 జూలై 27న, మినా అల్ ఫహల్ నుంచి. అందులో 5 లక్షల 43 వేల పైచిలుకు బ్యారెళ్లు ఉన్నాయి. బ్యారెల్ ధర 1 డాలరు 42 సెంట్లు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తుంది.

అప్పటి ఒమన్ ఎట్ల ఉండేదో నేటి కుర్రాళ్లు నమ్మలేరు. 1970లో దేశం మొత్తానికి మూడే బడులు, మగపిల్లలకు మాత్రమే. తారు రోడ్డు పది కిలోమీటర్లు. రాత్రి కోట తలుపులు మూసేశాక మస్కట్‌లో బయట నడవాలంటే చేతిలో లాంతరు ఉండాలి. చెప్పుకోదగ్గ ఆసుపత్రి మత్రాలో అమెరికా మిషన్ వాళ్లు నడిపినది. పాత సుల్తాన్ సయీద్ బిన్ తైమూర్ మన అజ్మీర్ మేయో కాలేజీలో చదివినవాడు, ఖర్చంటే భయపడే మనిషి. 1970 జూలై 23న సలాలా కోటలో ఆయన్ని దింపి కొడుకు ఖాబూస్ గద్దెనెక్కాడు. కట్టాల్సింది కొండంత ఉంది. దోఫార్ కొండల్లో యుద్ధం కూడా 1975 చివరిదాకా సాగింది. ఇంత డబ్బు ఎక్కడిది?

ఆ డబ్బు 1973 అక్టోబరులో మొదలైన గొడవతో వచ్చింది. ఇజ్రాయెల్ మీద ఈజిప్టు, సిరియా యుద్ధానికి దిగాయి. నిక్సన్ ఇజ్రాయెల్‌కు ఆయుధాలు పంపాడు. కోపమొచ్చిన అరబ్ దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి. యుద్ధానికి ముందు 3 డాలర్ల దగ్గరున్న బ్యారెల్ 1974 జనవరికి 11 డాలర్లు దాటింది. అమెరికాలో పెట్రోలు బంకుల ముందు మైళ్ల పొడవున కార్లు నిలిచిపోయాయి. దేశమంతా గంటకు 55 మైళ్లకు మించి బండి నడపకూడదని చట్టం చేశారు. ఒపెక్‌లో ఒమన్ ఏనాడూ సభ్యదేశం కాదు. అయినా మార్కెట్లో ధర అందరికీ ఒకటే కదా.

అక్కడ కార్లు ఆగిన ఏడాదే ఇక్కడ పనులు పరుగెత్తాయి. 1973లో సీబ్ విమానాశ్రయం, 1974లో మత్రాలో సుల్తాన్ ఖాబూస్ ఓడరేవు, ఆ ఏడాదే టీవీ, ఆ వెనక రోడ్లు, బడులు, ఆసుపత్రులు. చేసే చేతులు చాలలేదు. గుజరాతీ వ్యాపారులు తరతరాలుగా ఇక్కడ ఉన్నవాళ్లే, మలయాళీలు మనకంటే ముందే వచ్చారు. తర్వాత మన కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి, కరీంనగర్, నిజామాబాద్ దిక్కు నుంచి బొంబాయి దాకా రైలెక్కి, అక్కడ ఏజెంటు గదుల్లో నెలల తరబడి పడుకుని విమానమెక్కినవాళ్లు మన పెద్దలు. కోనసీమ, రాయచోటి ఆడబిడ్డలు ఇంటిపనికి వచ్చారు.

ఇక్కడే ఒక ప్రశ్న నన్ను చాలాకాలం పీడించింది. అదే కాలంలో మన తెలుగువాళ్లే అమెరికాకు కూడా పోయారు. వాళ్లు భార్యాపిల్లలతో పోయి, అక్కడే ఇల్లు కొని, ఆ దేశ పౌరులయ్యారు. మనం ముప్పై ఏళ్లు చేసినా బతాకా గడువు అయిపోతే పెట్టె సర్దుకోవాలి. వాళ్లు చదువుకున్నోళ్లు, మనం కాదు అని ఒక్క మాటలో తేల్చేస్తారు. చదువు సంగతి నిజమే, కానీ తలుపు తెరిచింది చదువు కాదు, ఒక చట్టం.

1946కు ముందు మనవాళ్లకు ఆ దేశంలో దాదాపు ప్రవేశమే లేదు. 1946 చట్టంతో ఇండియా మొత్తానికి ఏడాదికి 100 మంది అన్నారు. డాక్టరైనా, ఇంజనీరైనా ఆ వందలోనే. 1965 అక్టోబరు 3న న్యూయార్క్‌లో స్వేచ్ఛా దేవత విగ్రహం దగ్గర అధ్యక్షుడు జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం పెట్టాడు. మనిషి ఏ దేశంలో పుట్టాడన్నది చూసి కోటా ఇచ్చే పద్ధతి పోయింది. అక్కడ ఉన్నవాళ్ల బంధువులకు, వృత్తి విద్య ఉన్నవాళ్లకు ముందు వరస ఇచ్చారు. అదే ఏడాది ముసలివాళ్లకు ప్రభుత్వ వైద్య బీమా పెట్టడంతో డాక్టర్ల అవసరమూ పెరిగింది. గుంటూరు, విశాఖ, ఉస్మానియా మెడికల్ కాలేజీల వాళ్లు వెళ్లింది ఆ తలుపులోంచే. 1977లో న్యూయార్క్‌లో మొదటి తెలుగు మహాసభ జరుపుకునేంత మంది అయ్యారు.

ఆ చట్టం ఊరికే రాలేదు. బస్సుల్లో వెనక సీట్లు, హోటళ్లలో వేరే తలుపులు, ఓటు వేయబోతే దెబ్బలు – వీటి మీద నల్లజాతివాళ్లు ఏళ్ల తరబడి పోరాడి, 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటుహక్కు చట్టం సాధించారు. మనిషిని పుట్టుకను బట్టి వేరు చేయకూడదని దేశం లోపల ఒప్పుకున్నాక, గుమ్మం దగ్గర మాత్రం పుట్టుక అడగడం కష్టమైంది. అమెరికా తెలుగు సంఘాల సభల్లో ఈ మాట ఇంకా గట్టిగా చెప్పుకోవాలి అంటాను నేను. 1990ల చివర అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నుంచి వేలమంది కుర్రాళ్లు వెళ్లింది కూడా 1990 నాటి ఇంకో వలస చట్టం ఇచ్చిన హెచ్1బీ వీసా మీదనే.

మన వైపు చూస్తే ఇండియా ప్రభుత్వం 1922 నాటి పాత చట్టం తీసేసి 1983లో ఎమిగ్రేషన్ చట్టం చేసింది. పదో తరగతి పాసు కానోళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర పడింది ఆ చట్టం కిందే. అది కాపాడటానికే అని రాసుకున్నారు. ఆ ముద్ర తప్పించడానికి ఏజెంట్లకు ఎంత కట్టామో మనలో ఎవరినడిగినా చెప్తారు. నేనూ కట్టాను, వడ్డీకి తెచ్చి.

అమెరికా సైన్యం కూడా ఈ గడ్డ మీద దిగింది. 1979 నవంబరులో టెహ్రాన్‌లో అమెరికా రాయబార కార్యాలయాన్ని విద్యార్థులు పట్టుకున్నారు. 52 మందిని 444 రోజులు వదల్లేదు. వాళ్లను విడిపించుకుపోదామని 1980 ఏప్రిల్ 24 రాత్రి అమెరికా రవాణా విమానాలు ఎగిరింది మన మసీరా ద్వీపం నుంచే. ఇరాన్ ఎడారిలో హెలికాప్టర్లు చెడిపోయాయి. వెనక్కి తిరిగే తొందరలో ఒక హెలికాప్టరు విమానాన్ని గుద్దుకుని ఎనిమిది మంది సైనికులు చనిపోయారు. కార్టర్ ఆ ఏడాది ఎన్నికలు ఓడిపోయాడు. జూన్‌లో ఒమన్‌తో ఒప్పందం కుదిరింది. మసీరా, సీబ్, తుమ్రైత్ విమానాశ్రయాలు అమెరికా వాడుకోవచ్చు, వాటిని పెద్దవి చేయడానికి డబ్బు అమెరికా పెట్టాలి.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. 1988 జూలై 3న హోర్ముజ్ దగ్గర అమెరికా యుద్ధనౌక ఒకటి ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని యుద్ధవిమానం అనుకుని కూల్చేసింది. బందర్ అబ్బాస్ నుంచి దుబాయి వచ్చే విమానం అది. 290 మందీ పోయారు. వాళ్లలో పదిమంది మన ఇండియావాళ్లు. ఆ దారిలో విమానమెక్కిన ప్రతిసారీ నాకది గుర్తొస్తుంది.

1986కు వద్దాం. అమెరికావాళ్లు కార్లు చిన్నవి చేసుకున్నారు, అలాస్కా నుంచి సొంత చమురు తెచ్చుకున్నారు. ఉత్తర సముద్రంలో బ్రిటన్, నార్వే తవ్వాయి. సౌదీ కూడా తన వాటా వదులుకోనని ఎక్కువ తోడింది. చమురు ధర ఆ ఏడాది సగానికి సగం కూలింది. జనవరిలోనే ఒమన్ తన రియాలును తగ్గించింది. 100 రియాళ్లకు అంతకుముందు 289 డాలర్లు వచ్చేవి, ఇప్పుడు 260. జీతం చీటీలో అంకె మారలేదు, ఇంటికి పోయేది పదోవంతు తగ్గింది.

ఐదేళ్లకు తిరగబడింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. కువైట్‌లో ఉన్న మనవాళ్లు బస్సుల్లో, లారీల్లో జోర్డాన్ దాకా పోయి, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాల్లో ఇల్లు చేరారు. అట్ల లక్షమందికి పైగా వచ్చారు, కట్టుబట్టలతో. జనవరిలో అమెరికా యుద్ధం మొదలుపెట్టింది. చమురు బిల్లు పెరిగి, కువైట్ నుంచి వచ్చే డబ్బు ఆగి, అసలే అప్పుల్లో ఉన్న ఇండియా ఖజానాలో డాలర్లు అడుగంటాయి. బంగారం విదేశాల్లో కుదువపెట్టారు. 1991 జూన్‌లో ప్రధాని అయింది మా కరీంనగర్ జిల్లా వంగర మనిషి పి.వి. నరసింహారావు. జూలై మొదటి వారంలో రెండు దఫాలుగా రూపాయి విలువ తగ్గించారు. 21 రూపాయల దగ్గరున్న డాలరు 26 దగ్గరకు పోయింది.

అప్పటికి నేనింకా ఊళ్లోనే ఉన్నా. మా మేనమామ మస్కట్‌లో మేస్త్రీ. ఆయన పంపే 50 రియాళ్ల డ్రాఫ్టుకు అంతకుముందు 2,700 చిల్లర వచ్చేది. ఆ వానాకాలం వచ్చిన డ్రాఫ్టు 3,300 దాటింది. మా అత్త అది చూసి జీతం పెంచారనుకుని దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. అర్బాబు ఒక్క బైసా పెంచలేదు. దసరా నాటికి ఎరువు బస్తా, నూనె కూడా పెరిగాయి, అప్పుడు ఆమెకు సంగతి తెలిసింది.

ఇక మనకు అన్నిటికంటే దగ్గరి సంగతి చివరికి ఉంచాను. అమెరికా అంటే మనకు డాక్టర్లు, సాఫ్ట్‌వేరు, సినిమాలు. కానీ ఆ దేశంలో మనలాంటి వలస కూలీలు ఉన్నారు, మన పద్ధతి లాంటి పద్ధతీ ఉంది. 1942 నుంచి 1964 దాకా మెక్సికో మగవాళ్లను కాంట్రాక్టు మీద తెచ్చి పొలాల్లో పెట్టారు. కాంట్రాక్టు ఎవరి పేరున ఉంటే వాళ్లదగ్గరే చేయాలి. సరిహద్దులో వరసగా నిలబెట్టి ఒంటి మీద డీడీటీ పొడి కొట్టేవాళ్లు. మెడికల్ కోసం క్యూలో నిలబడ్డవాళ్లకు ఆ ఫొటోలు చూస్తే కడుపులో తిప్పుతుంది. మొదటి ఏళ్లలో కూలీలోంచి పదిశాతం పట్టుకుని, ఇంటికి పోయాక మీ బ్యాంకులో తీసుకోండి అన్నారు. చాలామందికి ఆ పదిశాతం ముసలితనం వచ్చినా అందలేదు.

ఆ పద్ధతి ఆగిన మరుసటి ఏడాది, 1965 సెప్టెంబరు 8న కాలిఫోర్నియాలోని డెలానో ద్రాక్షతోటల్లో ఫిలిప్పీన్స్ కూలీలు పని ఆపేశారు. వాళ్ల నాయకుడు లారీ ఇట్లియాంగ్, పదిహేను పదహారేళ్లప్పుడు అమెరికా చేరినవాడు. అలాస్కాలో చేపల ఫ్యాక్టరీలో మూడు వేళ్లు పోగొట్టుకున్నాడు. వాళ్లు అడిగింది గంటకు 1 డాలరు 40 సెంట్లు. ఒమన్ మొదటి బ్యారెల్ ధర చెప్పాను చూడండి, దాదాపు అంతే. యజమానులకు అలవాటైన ఉపాయం ఒకటుంది: ఫిలిప్పీన్సోళ్లు ఆగితే మెక్సికోవాళ్లను తేవడం, వాళ్లు ఆగితే వీళ్లను. ఇట్లియాంగ్ పోయి మెక్సికో కూలీల నాయకుడు సీజర్ చావెజ్‌ను అడిగాడు. ఎనిమిది రోజులకు వాళ్లూ పని ఆపారు. మన క్యాంపుల్లో బంగ్లా, పాకిస్తాన్, నేపాల్, తెలుగు, మలయాళం అని విడివిడిగా తినే మనకు ఆ ఎనిమిది రోజులు చిన్నవి కావు.

దెబ్బకు దెబ్బ అన్నవాళ్లూ ఉన్నారు. చావెజ్ మన గాంధీని చదివినవాడు. 1968లో 25 రోజులు ఉపవాసం చేసి తనవాళ్లను ఆపాడు. అదే ఏడాది మెంఫిస్ నగరంలో చెత్త ఎత్తే కార్మికులు ఇద్దరు లారీ యంత్రంలో నలిగి చనిపోతే, 1,300 మంది సమ్మె కట్టారు. వాళ్లకు అండగా పోయిన మార్టిన్ లూథర్ కింగ్‌ను ఏప్రిల్ 4న కాల్చి చంపారు. పన్నెండు రోజులకు నగరపాలక సంస్థ కార్మికుల సంఘాన్ని ఒప్పుకుంది. కింగ్ పేరు తెలిసినవాళ్లలో, ఆయన చివరి ప్రయాణం చెత్త బండి పనివాళ్ల కోసమని తెలిసినవాళ్లు తక్కువ.

డెలానో సమ్మె ఐదేళ్లు సాగింది. ఊళ్లల్లో జనం ద్రాక్ష కొనడం మానేశారు. 1970 జూలై 29న తోటల యజమానులు వచ్చి సంతకం పెట్టారు. సలాలా కోటలో గద్దె మారిన ఆరో రోజు అది. ఎక్కడికక్కడే జరిగినవి, ఒకదానికొకటి సంబంధం లేదు. నాకెందుకో ఆ వారం మనసులో ఉండిపోయింది. 1975లో కాలిఫోర్నియా పొలం పనివాళ్లకు సంఘం పెట్టుకునే హక్కు ఇస్తూ చట్టం చేసింది. నడుం విరిగేలా వంగి చేయించే పొట్టి పిడి పారను కూడా ఆ ఏడాదే నిషేధించారు.

ఒమన్‌లో 1973లో కార్మిక చట్టం వచ్చింది. 2003లో కొత్తది, 2006లో సంఘాలు పెట్టుకునే వీలు, 2023లో ఇంకో కొత్త చట్టం. ఎన్‌ఓసీ సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. కంపెనీ ఇవ్వనంటే దేశం విడిచి రెండేళ్లు ఇంట్లో కూర్చున్నవాళ్లు ఈ పుస్తకం చదివేవాళ్లలోనే ఉన్నారు. 2021 జనవరి 1 నుంచి, కాంట్రాక్టు ముగిశాక అది లేకుండానే వేరే కంపెనీకి మారవచ్చు. ఇళ్లల్లో పనిచేసే మన అక్కచెల్లెళ్లను మాత్రం 2003 చట్టంలో కలపలేదు, 2004లో విడిగా ఒక ఉత్తర్వు ఇచ్చి సరిపెట్టారు. అమెరికాలో 1935 నాటి సంఘాల చట్టం కూడా రెండు రకాల పనివాళ్లను బయటే ఉంచింది. పొలం పనివాళ్లు, ఇంటి పనివాళ్లు.

డెలానోలో గెలిచిన ఫిలిప్పీన్స్ కూలీలు చాలామంది అప్పటికి ముసలివాళ్లు. 1920లు, 30లలో వచ్చినవాళ్లు. తెల్ల ఆడవాళ్లను పెళ్లాడకూడదని కాలిఫోర్నియాలో 1948 దాకా చట్టం ఉండేది, సొంత దేశపు ఆడవాళ్లు అక్కడ బహు తక్కువ. క్యాంపు మంచాల మీదే వయసు అయిపోయింది. వాళ్ల కోసం సంఘం 1974లో డెలానోలో ఒక వృద్ధాశ్రమం కట్టించింది. దానికి పికెట్ దగ్గర ప్రాణం పోయిన పౌలో అగ్బయాని పేరు పెట్టారు. ఎండ తగలకుండా గదుల ముందు వసారా, అందరికీ ఒక వంటిల్లు.

మా సైట్లో ఫిలిప్పీన్స్ ఫోర్‌మన్ ఒకాయన ఉన్నాడు. మధ్యాహ్నం రెస్టులో ఈ సంగతి చెప్తే ఆయనకు ఇట్లియాంగ్ పేరు తెలియదు. కాసేపు ఊరుకుని, తన తాతకు ఒక అన్న ఉండేవాడని చెప్పాడు. పడుచుతనంలో ఓడెక్కి కాలిఫోర్నియా పోయాడట. కొన్నేళ్లు డబ్బు పంపాడు, తర్వాత ఉత్తరాలు పంపాడు, తర్వాత అవీ ఆగిపోయాయి. ఆ డెలానో ఆశ్రమం ఫొటో ఉంటే చూపించమన్నాడు. ఫోన్లో తీసి ఇచ్చాను. వరండాలో కూర్చున్న ముసలివాళ్ల మొహాలు ఒక్కొక్కటే పెద్దవి చేసి చూస్తూ, సైరన్ మోగేదాకా ఫోన్ తిరిగి ఇవ్వలేదు.